మెటల్ ప్లేటింగ్ యూనిట్‌లో వ్యర్థజల శుద్ధిని తనిఖీ చేసే విధానం: తొట్టి నుంచి కాలువ దాకా

తనిఖీకి వచ్చినవారిని వస్తువుల మీద లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్ యాజమాన్యం చాలాసార్లు నేరుగా ఇ.టి.పి. (వ్యర్థజల శుద్ధి కేంద్రం) దగ్గరికే తీసుకువెళ్తుంది. చివరి ట్యాంకులోని నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూపిస్తుంది. నీరు తేటగానే ఉంటుంది. అయితే ప్లేటింగ్ నీటి విషయంలో తేటదనం దేనికీ రుజువు కాదు. ప్రమాదకరమైన మోతాదులో సైనైడ్ కరిగి ఉన్న నీరు కూడా బావి నీరులాగే కనిపిస్తుంది; పరిమితికి రెండు మూడు రెట్లు నికెల్ ఉన్నా కంటికి తెలియదు. అందువల్ల ఈ తనిఖీని ప్లేటింగ్ తొట్టి దగ్గర మొదలుపెట్టి, నీటి వెంటే నడుస్తూ ఇ.టి.పి.కి చేరాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కాలుష్య నియంత్రణ మండలిలో కొత్తగా చేరిన ఇంజనీర్లకు, యూనిట్లలో పర్యావరణ బాధ్యతలు చూసే ఉద్యోగులకు, ఆడిట్ చేసేవారికి ఉపయోగపడేలా ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి దశ: బయలుదేరే ముందు కాగితాలు చదవడం

యూనిట్‌కు ఇచ్చిన సీఎఫ్‌ఓ, అంటే నిర్వహణ సమ్మతి ఉత్తర్వు, మొదటి నుంచి చివరి వరకు చదవాలి. ఏయే లోహాల పూతకు అనుమతి ఉంది, రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు వాడవచ్చు, శుద్ధి చేసిన నీరు ఎక్కడికి పోవాలి అన్న మూడు విషయాలను విడిగా రాసుకోవాలి. నీటిని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి ట్యాంకర్లలో పంపే యూనిట్ వేరు, బయటికి చుక్క కూడా వదలకూడదన్న షరతు ఉన్న యూనిట్ వేరు. రెండింటినీ ఒకే కొలతతో చూస్తే తనిఖీ మొత్తం దారి తప్పుతుంది.

పర్యావరణ (పరిరక్షణ) నియమాలు, 1986 కింద ఎలక్ట్రోప్లేటింగ్ పరిశ్రమకు ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి. వాటి ప్రకారం పీహెచ్ 6 నుంచి 9 మధ్య ఉండాలి. లీటరుకు సైనైడ్ 0.2 మిల్లీగ్రాములు, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) 0.1, మొత్తం క్రోమియం 2, నికెల్ 3, రాగి 3, జింకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. సమ్మతి ఉత్తర్వులో ఇంతకంటే కఠినమైన పరిమితి ఉంటే దానినే పాటించాలి. గత రెండు మూడేళ్ల పరీక్షా నివేదికలు కూడా ముందే చూడండి. ప్రతి నెలా నికెల్ 1.2, జింకు 2.1 అంటూ ఒకే సంఖ్యలు కనిపిస్తే, ఆ నీరు నిజంగా ఆ ఇ.టి.పి. నుంచే వచ్చిందా అన్న ప్రశ్నతో వెళ్ళాలి.

రెండో దశ: మన ప్రాణం సంగతి

ఒంటరిగా వెళ్ళవద్దు. సైనైడ్ బాత్ (పూత ద్రావణం ఉన్న తొట్టి) ఉన్న చోట ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వెలువడుతుంది. దానికి చేదు బాదం వాసన ఉంటుందని చెబుతారు గానీ, ఆ వాసనను పుట్టుకతోనే పసిగట్టలేనివారు చాలామంది ఉన్నారు కాబట్టి ముక్కును నమ్ముకోకూడదు. చేతిలో హెచ్‌సీఎన్ డిటెక్టర్ ఉండాలి. క్రోమిక్ ఆమ్లపు తుంపర చర్మం మీద పుండ్లు చేస్తుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపలి గోడకు రంధ్రం పడుతుంది. హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం కూడా. రబ్బరు బూట్లు, నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా లైను మీదికి వెళ్ళకూడదు. భూగర్భ సంపులోకి మాత్రం ఏ కారణంతోనూ దిగవద్దు. నమూనాను పొడవాటి కర్రకు కట్టిన పాత్రతో పైనుంచే తీయాలి.

మూడో దశ: ప్లేటింగ్ లైను వెంట నడవడం

తెల్లకాగితం మీద లైనును గీసుకోండి. డీగ్రీజింగ్ (జిడ్డు తీయడం), రిన్స్ (నీటితో కడగడం), పిక్లింగ్ (ఆమ్లంతో తుప్పు తీయడం), రిన్స్, ప్లేటింగ్, రిన్స్, పాసివేషన్ (పూత మీద రక్షణ పొర వేయడం), మళ్ళీ రిన్స్ అంటూ వరుసలో వచ్చే ప్రతి తొట్టికి ఒక గడి వేసి, అందులో ఏ రసాయనం ఉంది, ఎన్ని లీటర్లు పడుతుంది, దానిని ఎన్నాళ్లకు ఒకసారి ఖాళీ చేస్తారు అని రాయాలి. ఈ వివరాలను మేనేజరు కంటే లైను మీద పనిచేసే కార్మికులే సరిగా చెబుతారు. "ఈ తొట్టి చివరిసారి ఎప్పుడు కడిగారన్నా, ఆ నీళ్లు ఎక్కడ పోశారు?" అని మర్యాదగా అడిగితే వచ్చే జవాబు, ఏ రిజిస్టరులోనూ దొరకదు.

ఇక్కడ ప్రధానంగా నాలుగు రకాల నీటిని గుర్తించాలి. హార్డ్ క్రోమ్, డెకరేటివ్ క్రోమ్, పసుపు పాసివేషన్ తర్వాత వచ్చే రిన్స్‌లో హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది. నీలి పాసివేషన్ ఇప్పుడు ఎక్కువగా తక్కువ విషపూరితమైన ట్రైవాలెంట్ క్రోమియంతోనే చేస్తున్నారు కాబట్టి, ఏ రకం వాడుతున్నారో డ్రమ్ము మీది లేబుల్ చూసి నిర్ధారించుకోవాలి. సైనైడ్ జింకు, సైనైడ్ రాగి, వెండి, బంగారు పూతల రిన్స్ రెండో రకం. పెద్ద ఫ్యాక్టరీలే కాదు, చిలకలపూడి రోల్డ్ గోల్డు వంటి నగల పనిలో చిన్న గదిలో నడిచే బంగారు పూత తొట్టిలోనూ సాధారణంగా సైనైడ్ లవణమే ఉంటుందని మరువకూడదు. పిక్లింగ్, డీగ్రీజింగ్‌ల ఆమ్ల, క్షార జలాలు మూడో రకం. నాలుగోది కరెంటు లేకుండా పూత వేసే ఎలక్ట్రోలెస్ నికెల్, ఎలక్ట్రోలెస్ రాగి బాత్‌ల నుంచి వచ్చేది. అందులోని సిట్రేట్, ఈడీటీఏ, అమ్మోనియా వంటి పదార్థాలు లోహాన్ని పట్టి ఉంచి, సున్నం ఎంత వేసినా అడుగుకు చేరనివ్వవు.

రిన్స్ తొట్ల అమరికను కూడా గమనించండి. ప్లేటింగ్ తొట్టి పక్కనే పారని నీటి తొట్టి, అంటే డ్రాగ్-అవుట్ తొట్టి ఉందా? జిగ్‌ను (పనిముక్కలను వేలాడదీసే చట్రాన్ని) బయటికి తీశాక కొన్ని క్షణాలు తొట్టి మీదే వేలాడదీసి ద్రావణం కారనిస్తున్నారా? రిన్స్ నీరు చివరి తొట్టిలో ప్రవేశించి, పనికి ఎదురుదిశలో పారుతోందా? ఈ మూడూ ఉన్న యూనిట్‌లో లోహం తొట్టిలోనే ఎక్కువగా మిగులుతుంది, ఇ.టి.పి. మీద భారం తగ్గుతుంది, యజమానికి రసాయనాల ఖర్చూ తగ్గుతుంది.

నాలుగో దశ: కాలువలు, పైపులు, వాన నీటి దారులు

గీసుకున్న పటంలోని ప్రతి రిన్స్ నుంచి పైపు ఎటు పోతుందో కళ్లతో చూడాలి. క్రోమ్ నీటికి ఒక సంపు, సైనైడ్ నీటికి ఒక సంపు, మిగిలిన ఆమ్ల-క్షార జలాలకు ఒక సంపు విడివిడిగా ఉండాలి. సైనైడ్ నీరు, పిక్లింగ్ ఆమ్లం ఒకే కాలువలో పారే ఏర్పాటు కనిపిస్తే అక్కడితో మిగతా తనిఖీని పక్కన పెట్టి, ఆ కలయికను వెంటనే ఆపించాలి. అది కార్మికుల ప్రాణాలకు సంబంధించిన విషయం. నివేదిక తర్వాత రాసుకోవచ్చు.

నేల మీద పసుపు మరకలు క్రోమియాన్ని, ఆకుపచ్చ మరకలు నికెల్‌ను, నీలం మరకలు రాగిని సూచిస్తాయి. ఆమ్లం తిన్న కాంక్రీటు నుంచి ద్రావణం నేరుగా భూమిలోకి ఇంకుతుంది కాబట్టి, తొట్ల కింద ఆమ్లాన్ని తట్టుకునే టైల్స్ లేదా పూత ఉందో లేదో, అతుకులు ఊడాయో లేదో చూడాలి. తర్వాత బయటికి వచ్చి ప్రహరీ చుట్టూ ఒకసారి పూర్తిగా నడవాలి. వాన నీటి కాలువలో ఎండాకాలంలో తడి ఎందుకుంది? గోడకు ఉన్న రంధ్రం దేనికి? వాడకంలో లేదని చెబుతున్న బోరుబావి మూత మీద కొత్త గీతలు ఎందుకున్నాయి? ఇ.టి.పి. పక్కన చుట్టి పెట్టిన ఫ్లెక్సిబుల్ పైపు రెండు కొసలూ ఎక్కడెక్కడికి అందుతాయో కొలిచి చూడాలి. అనుమానం ఉన్న పైపులో ఫ్లోరసీన్ వంటి హాని లేని రంగు కలిపిన నీరు పోసి, అది ఎక్కడ తేలుతుందో చూస్తే వాదనలు అక్కడే ముగుస్తాయి.

అయిదో దశ: శుద్ధి నిజంగా జరుగుతోందా?

ఈ దశకు అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించండి. అప్పటికి నిల్వ ఉన్న నీటితో ఒక బ్యాచ్‌ను మన కళ్ల ముందు శుద్ధి చేయమని ఆపరేటరును అడగడం నేను నమ్మే పద్ధతి. రోజూ చేసే మనిషి చేతులు తడుముకోవు. మీటరు ఎక్కడుందో, క్రోమ్ నీటిలో కలిపే మెటాబైసల్ఫైట్ ఎంత వేయాలో వెతుక్కోవలసి వస్తే ఆ ఇ.టి.పి. ఎంతకాలంగా నడవడం లేదో మనకు అర్థమవుతుంది.

క్రోమ్ నీటి శుద్ధిలో కీలకమైన విషయం ఏమిటంటే, హెక్సావాలెంట్ క్రోమియం సున్నానికి లొంగదు. దానిని ముందుగా ట్రైవాలెంట్ రూపంలోకి మార్చాలి. ఇందుకు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 నుంచి 3 మధ్యకు దించి, సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతారు. ఓఆర్‌పీ (ద్రావణపు ఆక్సీకరణ-క్షయకరణ సామర్థ్యం) మీటరు సుమారు 250 నుంచి 300 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది; నీటి రంగు పసుపు-నారింజ నుంచి ఆకుపచ్చకు మారుతుంది. పీహెచ్ 5 దాటితే ఈ చర్య దాదాపు ఆగినంత నెమ్మదిస్తుంది కాబట్టి, ఆమ్లం ఆదా చేద్దామని పీహెచ్ దించకుండానే మెటాబైసల్ఫైట్ పోసేవారి నీటిలో హెక్సావాలెంట్ క్రోమియం అలాగే మిగిలిపోతుంది. మార్పు పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి, సైనైడ్ లేదని నిర్ధారించుకున్న నీటిలో కొంచెం తీసి, ఆమ్లం చేర్చి, డైఫినైల్ కార్బజైడ్ ద్రావణం వేయాలి. ఎరుపు కలిసిన ఊదా రంగు వస్తే మార్పు పూర్తి కాలేదన్నమాట.

సైనైడ్ నీటికి చేసే శుద్ధి దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంటుంది. పీహెచ్‌ను కాస్టిక్‌తో (కాస్టిక్ సోడా) 10కి పైన, వీలైతే 11 వరకు పెంచి హైపోక్లోరైట్ (హైపో) కలిపితే సైనైడ్ సయనేట్‌గా మారుతుంది. అప్పుడు ఓఆర్‌పీ సుమారు 350 నుంచి 400 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. రెండో అంచెలో పీహెచ్‌ను 8.5 దగ్గరికి దించి మరికొంత హైపో కలిపితే, ఓఆర్‌పీ 600 దాటి, సయనేట్ విడిపోయి నత్రజని, కార్బన్ డయాక్సైడ్‌లుగా పోతుంది. మొదటి అంచెలో పీహెచ్ తగ్గితే సయనోజెన్ క్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది కాబట్టి, ముందు కాస్టిక్, ఆ తర్వాతే హైపో అన్న వరుస ఆపరేటరుకు నోటికి వచ్చి ఉండాలి. అడిగి చూడండి. ఇనుప తొట్టెల నుంచి, పనిముక్కల నుంచి కరిగిన ఇనుము సైనైడ్‌తో కలిసి ఏర్పరిచే సమ్మేళనాలు ఈ పద్ధతికి లొంగవు. నికెల్ సైనైడ్ చాలా నెమ్మదిగా విడిపోతుంది. పొరుగు బాత్‌ల నీరు సైనైడ్ సంపులో కలవకూడదనడానికి ఇదీ ఒక కారణం. హైపో ఎక్కడ నిల్వ చేస్తున్నారో కూడా చూడాలి. మే నెల ఎండలో ఆరుబయట పెట్టిన క్యాన్‌లలో క్లోరిన్ బలం త్వరగా పడిపోతుంది, లేబుల్ మీది శాతాన్ని చూసి మోతాదు లెక్కేసుకున్న ఆపరేటరు తెలియకుండానే సైనైడ్‌ను బయటికి వదులుతాడు.

ఈ రెండు శుద్ధులూ పూర్తయిన నీరు, మిగిలిన నీరు కలిసి తటస్థీకరణ ట్యాంకుకు చేరతాయి. సున్నం లేదా కాస్టిక్‌తో లోహాలను హైడ్రాక్సైడ్లుగా మార్చి, పాలీ (రేణువులను గడ్డకట్టించే పాలీఎలక్ట్రోలైట్) వేసి, మడ్డిని తేర్చుతారు. ఒకే పీహెచ్ అన్ని లోహాలకూ సరిపోదు. క్రోమియం 7.5 నుంచి 8.5 మధ్య బాగా దిగుతుంది, జింకుకు 9 నుంచి 10, నికెల్‌కు 10 దాటాలి. పీహెచ్ మరీ పెంచితే క్రోమియం, జింకు మళ్ళీ నీటిలో కరుగుతాయి. నికెల్, క్రోమ్ రెండూ వాడే యూనిట్‌లో ఒకే ట్యాంకును 8.5 దగ్గర నడుపుతుంటే నికెల్ ఎలా దిగుతోందని అడగాలి. రెండు అంచెలుగా చేస్తున్నారా, సల్ఫైడ్ వంటిది వాడుతున్నారా, లేక దిగడమే లేదా అన్నది ఆ జవాబులో తేలుతుంది. పీహెచ్ పెంచి లోహాన్ని దించిన తర్వాత, వదిలే ముందు మళ్ళీ 9 లోపలికి తేవాలి. మడ్డిని పూర్తిగా వేరుచేయకుండా ఆమ్లం వేస్తే దిగిన లోహం తిరిగి నీటిలోకి వస్తుందన్నది చాలామంది పట్టించుకోని విషయం.

ఆరో దశ: మీటర్లను పరీక్షించడం

మన వెంట 4, 7, 9.2 పీహెచ్ బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) తీసుకువెళ్ళి, యూనిట్ మీటరును వాటిలో ముంచి చూడాలి. సున్నం పేరుకుపోయిన ప్రోబ్ ఏ ద్రావణంలో పెట్టినా ఒకే సంఖ్య చూపిస్తుంది. నేను చూసిన ఒక యూనిట్ లాగ్‌బుక్‌లో సంక్రాంతి మూడు రోజులు కూడా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి పీహెచ్ 8.4 అని ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో రాసి ఉంది. హాజరు పట్టీలో మాత్రం ఆ మూడు రోజులూ సెలవు. లాగ్‌బుక్‌ను హాజరు పట్టీతో, కరెంటు పోయిన రోజులతో పోల్చి చూడడానికి పది నిమిషాలు చాలు.

ఏడో దశ: లెక్క సరిపోతుందా?

ఒక్క రోజు తీసిన నమూనా ఆ రోజు సంగతే చెబుతుంది. ఏడాది సంగతి చెప్పేవి బిల్లులు.

ఉదాహరణకు ఒక యూనిట్ రోజుకు 10 కిలోలీటర్ల క్రోమ్ రిన్స్ వదులుతుందని, అందులో లీటరుకు 100 మిల్లీగ్రాముల హెక్సావాలెంట్ క్రోమియం ఉందని అనుకుందాం. అంటే రోజుకు ఒక కిలో క్రోమియం. రసాయన సమీకరణం ప్రకారం ఒక కిలో హెక్సావాలెంట్ క్రోమియాన్ని మార్చడానికి కనీసం 2.74 కిలోల సోడియం మెటాబైసల్ఫైట్ కావాలి. వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. నెలకు 25 పని దినాలకు దాదాపు 70 కిలోలు, మూడు నెలలకు 200 కిలోలకు పైగా అవసరం. ఆ మూడు నెలల్లో కొన్నది 50 కిలోల బస్తా ఒక్కటే అని బిల్లులు చెబితే, అవుట్‌లెట్ నమూనా ఎంత బాగున్నా ఆ నీటిలో అధికభాగం శుద్ధి కాలేదని లెక్కే చెబుతోంది. సైనైడ్‌కూ ఇలాగే వేయవచ్చు: ఒక కిలో సైనైడ్‌ను రెండు అంచెల్లో పూర్తిగా విడగొట్టడానికి సుమారు 6.8 కిలోల క్లోరిన్ కావాలి.

మడ్డి లెక్క మరింత బలమైన సాక్ష్యం. ఒక కిలో జింకు నుంచి 1.5 కిలోల పొడి జింకు హైడ్రాక్సైడ్ వస్తుంది. మడ్డిని పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చే కేకులో ఘనపదార్థం నాలుగో వంతే ఉంటుందనుకుంటే, అది తడి కేకుగా ఆరు కిలోలు తూగుతుంది. సున్నం వాడితే ఇంకా పెరుగుతుంది. ఇంత లోహం నీటిలోకి పోతున్నప్పుడు మడ్డి ఏడాదికి రెండు సంచులే వచ్చిందంటే, మిగిలిన లోహం ఎక్కడో నేలలోనో చెరువులోనో ఉంది.

నీటి లెక్క కూడా చూడాలి. బోరు మీటరు, ట్యాంకరు రసీదులు, ఇ.టి.పి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ మీటర్లు ఒకదానితో ఒకటి పొసగాలి. లోపలికి వచ్చిన దానికంటే బయటికి ఎక్కువ పోతుంటే శుద్ధి చేసిన నీటిలో మంచినీరు కలిపి పలచబరుస్తున్నారని అనుమానించాలి. ఇ.టి.పి.కి విడిగా కరెంటు మీటరు ఉంటే, పంపులు, బ్లోయర్లు ఎన్ని గంటలు నడిచాయో అదే చెబుతుంది.

ఎనిమిదో దశ: నమూనా తీయడం

జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం, 1974లోని 21వ సెక్షన్ నమూనా తీసే పద్ధతిని నిర్దేశిస్తుంది. విశ్లేషణకు పంపే ఉద్దేశాన్ని తెలిపే నోటీసును అక్కడికక్కడే ఇవ్వాలి. యాజమాన్య ప్రతినిధి సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరువైపులా సంతకాలు తీసుకోవాలి. ఈ పద్ధతి తప్పితే ఎంత విషపూరితమైన నమూనా అయినా కోర్టులో నిలవదు. లోపలికి ప్రవేశించే అధికారాన్ని అదే చట్టంలోని 23వ సెక్షన్ ఇస్తుంది.

నమూనా తీయవలసిన చోటు, శుద్ధి ముగిసిన తర్వాత, మరుగుదొడ్ల నీరో చల్లబరిచే నీరో కలవకముందు. ఇన్‌లెట్ నుంచి కూడా ఒకటి తప్పక తీయండి. అది లేకుండా అవుట్‌లెట్ సంఖ్యకు అర్థం ఉండదు. ఒకే సీసా అన్ని పరీక్షలకూ చాలదు. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి. సైనైడ్ సీసాలో సోడియం హైడ్రాక్సైడ్ వేసి 12కి పైన ఉంచి, వెలుతురు తగలకుండా ఐసు పెట్టెలో పెట్టాలి. మిగులు క్లోరిన్ ఉంటే ముందే తొలగించకపోతే ప్రయోగశాలకు చేరేలోపే సైనైడ్ విడిపోయి ఫలితం తక్కువగా వస్తుంది. ఈ రెండు సీసాల రసాయనాలు తారుమారైతే విషవాయువు మన చేతుల్లోనే పుడుతుంది కాబట్టి, మూతలకు వేర్వేరు రంగులు వేసుకోవడం మంచిది. హెక్సావాలెంట్ క్రోమియం నమూనాకు ఆమ్లం కలపకుండా చల్లగా ఉంచి, 24 గంటల్లో పరీక్ష జరిగేలా చూసుకోవాలి. నూనె, గ్రీజుకు గాజు సీసా వాడాలి.

తొమ్మిదో దశ: మడ్డి గది

ప్లేటింగ్ మడ్డి ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నియమాల ప్రకారం దానిని సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ చేయకూడదు. గదికి పైకప్పు, నీరు ఇంకని నేల, చుట్టూ గట్టు, సంచుల మీద లేబుళ్లు ఉండాలి. దుండిగల్, పరవాడ వంటి చోట్ల ఉన్న శుద్ధి, నిర్మూలన కేంద్రాలకు పంపిన మానిఫెస్టులలోని (వ్యర్థం రవాణా పత్రాలలోని) బరువును, ఏడో దశలో మనం వేసుకున్న మడ్డి లెక్కతో పక్కపక్కన పెట్టి చూడండి. గది మరీ శుభ్రంగా, ఎప్పుడూ మడ్డి పెట్టని గదిలా ఉంటే, అది కూడా నివేదికలో రాయదగిన విషయమే.

పదో దశ: నివేదిక

చూసినది, విన్నది, లెక్క వేసినది మూడింటినీ కలపకుండా రాయాలి. "ఇ.టి.పి. సరిగా పనిచేయడం లేదు" అన్న వాక్యంతో ఎవరికీ ప్రయోజనం లేదు. "ఉదయం 11.20కి క్రోమ్ రిడక్షన్ ట్యాంకులో పీహెచ్ 5.8గా ఉంది, డైఫినైల్ కార్బజైడ్ పరీక్షలో ఊదా రంగు వచ్చింది, మూడు నెలల మెటాబైసల్ఫైట్ కొనుగోలు 50 కిలోలు, అవసరం కనీసం 200 కిలోలు" అని రాస్తే తర్వాతి అధికారి అక్కడి నుంచే పని మొదలుపెట్టగలరు. మనం గీసిన లైను పటాన్ని, ఫోటోలను, బిల్లుల నకళ్లను జత చేయాలి.

తిరిగి వచ్చే ముందు యాజమాన్య ప్రతినిధితో పాటు ఆపరేటరును కూడా కూర్చోబెట్టి, గమనించిన లోపాలను వారి మాటల్లో వివరించండి. చిన్న యూనిట్లలో చాలా లోపాలు తెలియక జరుగుతాయి. ప్రోబ్ కడగడం, హైపోను నీడలో పెట్టడం, ఆమ్లం ముందు వేసి తర్వాత మెటాబైసల్ఫైట్ వేయడం వంటివి ఆ సాయంత్రమే సరిదిద్దుకోవచ్చు. సైనైడ్, ఆమ్ల కాలువలను వేరుచేయడం వంటి వాటికి రాతపూర్వకంగా గడువు ఇచ్చి, ఆ గడువు ముగిసిన వారంలోపు, చెప్పకుండా, వీలైతే రాత్రి షిఫ్టులో, అదే పటం చేతపట్టుకుని మళ్ళీ వెళ్ళాలి.